నాలుగో మడి

సంస్థ గేటు దాటగానే గోడకు ఒక నల్లరాతి పలక బిగించి ఉంటుంది. దాని మీద "ఆగకుండా నడిచిన రోజులు" అని చెక్కి ఉంటుంది. ఆ అక్షరాల కింద ఖాళీలో వాచ్‌మన్ ప్రతి ఉదయం సుద్దముక్కతో పాత అంకె తుడిచి కొత్త అంకె వేస్తాడు. ఆ బుధవారం వేసిన అంకె రెండు వేల రెండు వందల ముప్ఫై. సుద్ద ఇంకా రాలుతూనే ఉంది, డైరెక్టర్ ప్రభంజనరావు దాని ముందు నుంచి నడిచి వెళ్ళి, స్టాఫ్ క్వార్టర్స్‌లో చివరి ఇంటి తలుపు కొట్టాడు. వెనకాల ఇంజనీరు హిమజ నిలబడింది.

మాలకొండయ్య తలుపు తీశాడు గానీ గుమ్మంలోంచి జరగలేదు.

అతని భార్య నాంచారమ్మ పోయి పద్నాలుగు రోజులు. పదకొండో రోజు కర్మకు సంస్థ తరఫున పెద్ద పూలదండ వచ్చింది. దాన్ని అతను ప్రహరీ బయట మేస్తున్న గేదె ముందు పడేశాడు. గేదె తిన్నది. ఆ సంగతి క్వార్టర్స్ అంతటికీ తెలుసు.

"మాలకొండయ్య గారూ, ఒక్కసారి లోపలికి వచ్చి మాట్లాడుకుందామా?" అన్నాడు ప్రభంజనరావు.

"పదకొండేళ్ళ నుంచి ఏమోయ్ అని పిలిచేవోళ్ళు. ఇయ్యాల గారు వొచ్చిందే. ఏం పని బడింది?"

"పన్నెండో పేషెంటు భ్రమరాంబగారికి బాగాలేదు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఊపిరి తడబడుతోంది. ప్రతిసారీ గొంతులో గొట్టం వేసి నిలబెడుతున్నారు. ఇంకోసారి గొట్టం వేస్తే గొంతు తట్టుకోదని నిన్న డాక్టరు తేల్చేశాడు."

"అయితే?"

"ఈ రోజు ఒంటిగంటలోపు మడి సరిచెయ్యాలి. యంత్రాన్ని ఆపకుండా ఆ పని చెయ్యగలిగింది నువ్వు... మీరొక్కరే."

"ముహూర్తం పెట్టించారా?"

ప్రభంజనరావు తల దించుకున్నాడు. మాలకొండయ్య తలుపు మూయబోతుంటే హిమజ గబగబా అంది, "సార్, నేను వారం నుంచి ప్రయత్నిస్తున్నాను. నాలుగో మడి మూసేసి ఆ చోటు ఆవిడకి ఇద్దామని చూశాను. యంత్రం ఒప్పుకోవడం లేదు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట చెబుతోంది సార్. నాలుగో మడి వాడుకలో ఉంది, అని."

తలుపు మీద మాలకొండయ్య చెయ్యి ఆగింది. నాలుగో మడి నాంచారమ్మది.

"ఎట్టా వాడుకలో ఉంటుంది సార్," అంది హిమజ. ఆ పిల్ల కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. "అమ్మ లేరు కదా."

అతను తలుపు మూసుకున్నాడు. లోపల, నాంచారమ్మ మంచం మీద, ఆమె దిండు కింద, ఒక చిన్న బిళ్ళ ఆకుపచ్చగా వెలుగుతూ ఉంది.

*

ఆ సంస్థలో ఉన్నది ఊపిరి యంత్రం. మిరప చేలల్లో, పత్తి చేలల్లో మందు కొట్టీ కొట్టీ, ఆ ఆవిరి తలకెక్కి, తలలో ఊపిరిని నడిపే చోటు చచ్చిపోయిన మనుషుల కోసం దాన్ని కట్టారు. అలాంటివాళ్ళు మెలకువగా ఉన్నంతసేపూ గుర్తుపెట్టుకుని ఊపిరి తీసుకోగలరు. కన్ను మూతపడితే మరిచిపోతారు.

నాంచారమ్మ సొంత చేను కాదు, కూలికి వెళ్ళిన చేలో మందు కొట్టింది. ముక్కుకు కట్టుకోవడానికి గుడ్డ అడిగితే చేను ఆసామి నవ్వాడు. ఆ తర్వాత ఇరవై రెండు రోజులు మాలకొండయ్య ఆమె పక్కన కూర్చుని, కునుకు పట్టినప్పుడల్లా భుజం తట్టి "తీసుకో" అన్నాడు. ఆమె తీసుకునేది. ఇరవై మూడో రోజు ఆమెను యంత్రానికి కలిపారు.

యంత్రం చేసేది చెప్పుకుంటే చిన్న పనే. పక్కటెముకల మీద రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్ద బిళ్ళ ఒకటి అతికిస్తారు. ఆ మనిషి ఊడ్చేటప్పుడు ఊపిరి ఎలా తీస్తుంది, మెట్లెక్కేటప్పుడు ఎలా తీస్తుంది, తిట్టేటప్పుడు, ఏడ్చేటప్పుడు, నిద్రపోయేటప్పుడు ఎలా తీస్తుంది అన్నది యంత్రం నేర్చుకుంటుంది. నేర్చుకున్నది ఆ మనిషి పేరున ఒక చోట దాచుకుని, ఏ వేళకు ఏ ఊపిరి కావాలో అది బిళ్ళకు పంపుతుంది. పదకొండు మందికి పదకొండు చోట్లు. ఇంజనీర్లు వాటికేదో పేరు పెట్టారు గానీ మాలకొండయ్య మడులు అన్నాడు. ఆ మాటే నిలిచిపోయింది.

అందరిలోకీ పెద్ద మడి నాంచారమ్మది.

"నీ పెళ్ళాం మడికి అంత చోటెందుకు పట్టిందయ్యా?" అని ఒకసారి అకౌంటెంటు అడిగితే, పక్కనే ఉన్న నాంచారమ్మే చెప్పింది. "నోరు పెద్దది గదా బాబూ. ఒక్కో తిట్టుకి ఒక్కో ఊపిరి గావాల."

మాలకొండయ్య చదివింది ఊళ్ళో పదో తరగతి, ఒంగోలులో ఐటీఐ. యంత్రంగదిలో కేబుళ్ళు లాగడానికి చేరాడు. కానీ అందరికీ తెలిసిన ఒక చిక్కుని అతనొక్కడే విప్పాడు. కొత్త మనిషి వస్తే మడుల గట్లు జరపాలి. మడులు ఎక్కడినుంచి ఎక్కడిదాకా అన్నది ఒక రికార్డులో రాసి ఉంటుంది. యంత్రం ఆ రికార్డుని నిద్రలేచినప్పుడు ఒక్కసారే చదువుకుంటుంది. తర్వాత దాని వంక చూడదు. కాబట్టి గట్టు జరిపినప్పుడల్లా యంత్రాన్ని ఆపి లేపాలి. ఆపితే పదకొండు మంది ఊపిరి ఆగుతుంది.

పెద్ద చదువులవాళ్ళు రెండేళ్ళు తల పట్టుకున్నారు. మాలకొండయ్య నాన్నను తలుచుకున్నాడు. నీళ్ళు పారుతున్న వరిమడిలో గట్టు జరపాల్సి వచ్చినప్పుడు నాన్న ఎన్నడూ కాలవకు అడ్డం వేయలేదు. "ముందు కొత్త గట్టు ఎయ్యి. తొక్కు. ఆరనియ్యి. అప్పుడు పాత గట్టు మీద పార ఎయ్యి. ఎనకా ముందూ చేశావా, నీ వరీ పోద్ది, పక్కోడి వరీ పోద్ది," అనేవాడు. ఆ పద్ధతే మాలకొండయ్య యంత్రానికి నేర్పాడు. ముందు సరుకు జరపడం. తర్వాత, నడుస్తున్న యంత్రం చెవిన కొత్త గట్టు సంగతి వేయడం. అది సరేనన్నాక, అన్నిటికంటే చివర, రికార్డు రాయడం.

ఈ వరస తప్పకూడదు. ఆ పద్ధతి మీద ప్రభంజనరావు రెండు సభల్లో మాట్లాడాడు. మాలకొండయ్య పేరు ఒక సభలో చెప్పాడు.

*

సంస్థను నడిపే ట్రస్టు ఛైర్మన్ అక్కగారు భ్రమరాంబ. పోయిన నెల ఆమెకు అదే జబ్బు వచ్చింది. పన్నెండో మడి కావాలి. నాలుగో మడి తోక కోసి ఆమెకు ఇద్దామన్నారు. నాంచారమ్మ మడి తోకలో ఉన్నది నిద్ర ఊపిరి. దాన్ని మడి తలవైపు ఖాళీలోకి జరపాలి. ఆమె మెలకువగా ఉన్నప్పుడే, కాస్త కాస్త చొప్పున జరపాలి. శనివారానికి గానీ కాదన్నాడు మాలకొండయ్య.

"ఛైర్మన్ గారి సిద్ధాంతి గురువారం తొమ్మిదీ పన్నెండుకి పెట్టాడోయ్," అన్నాడు ప్రభంజనరావు. "అది దాటితే మళ్ళీ నెల్లాళ్ళు మంచిరోజు లేదు."

"నాకు శనారం కావాల సార్."

"అసలు పని శనివారమే చేసుకో. ముహూర్తానికి ఏదో ఒకటి జరిగిందనిపించాలి. ఇల్లు పూర్తికాకపోయినా పాలు పొంగిస్తాం. సున్నాలు వేసుకున్నాక తీరిగ్గా సామాను దించుకుంటాం. అలాగే. ఆ రికార్డు ఒక్కటీ రాసేద్దాం. రికార్డు రాస్తే యంత్రం ఆగుతుందా?"

"ఆగదు. అది దాన్ని చూడదు. లేచినప్పుడు చదూకున్న పాత లెక్క మీదే పోతా ఉంటది."

"మరింకేం."

"కానీ ఆ తరవాత శనారం దాకా ఎవురూ ముట్టుకోగూడదు."

"ఎవరు ముట్టుకుంటారోయ్."

అంతే జరిగింది. నోటిమాట. ఒక కాగితం మీద నాలుగు అక్షరాలు రాసి యంత్రానికి అంటించి ఉంటే సరిపోయేది. ఆ పని మాలకొండయ్య చేయలేదు. ఈ పద్నాలుగు రోజుల్లో అతను తిట్టుకున్న మనుషుల్లో మొదటివాడు తనే. రెండోవాడు ప్రభంజనరావు. ఇద్దరి మధ్యా పెద్ద ఎడం లేదు.

గురువారం యంత్రానికి పసుపు పూశారు, బంతిపూల దండ వేశారు. తొమ్మిదీ పన్నెండుకి ప్రభంజనరావు మీట నొక్కాడు. రికార్డు మారింది. యంత్రం ఆగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నాంచారమ్మ చేత దీపం వెలిగించారు.

"నా మళ్ళో ముక్క కోసి ఆమెకిస్తన్నారంట గదా," అంది ఆమె మొగుడి చెవిలో. "సర్వేయర్ని పిలిపించారా, ఊరికే తాడేసి కొలిచారా?"

"నోరు మూసుకోని నిలబడు."

"మూసుకుంటే నా మడి బీడు పడదా."

భోజనాల దగ్గర ఛైర్మన్ పక్కన మాలకొండయ్యను కూర్చోబెట్టారు, గట్లు జరిపే కథ చెప్పమన్నారు. పన్నెండున్నరకు నాంచారమ్మ వచ్చి, "నాకు నిద్దరొస్తంది. నువ్వు తినిరా. గారెలు రెండు కాయితంలో చుట్టుకురా," అని వెళ్ళిపోయింది.

పన్నెండూ నలభైకి భ్రమరాంబను తెచ్చిన అంబులెన్సు వచ్చింది. తిథి మూడింటికి మారిపోతుందని సిద్ధాంతి అన్నాడు. ప్రభంజనరావు చేతులు కడుక్కుంటూ హిమజను పిలిచాడు. "పన్నెండో మడి ఖాళీగానే చూపిస్తోందిగా? ఆమె ఊపిరి అందులోకి దింపెయ్." హిమజ రికార్డు చూసింది. పన్నెండో మడి ఖాళీ అని ఉంది. శనివారం మాట ఆమెకెవరూ చెప్పలేదు. దింపింది. భ్రమరాంబ కోసం కొత్తగా పెట్టిన పెట్టె కూడా ఆ రికార్డే చదువుకుని లేచి, అక్కడి నుంచే ఊపిరి పంపడం మొదలుపెట్టింది.

నడుస్తున్న యంత్రానికి మాత్రం ఆ చోటు ఇంకా నాంచారమ్మదే. ఆమె నిద్ర ఊపిరి ఉన్న చోటే.

ఒంటిగంటకు నాంచారమ్మ మంచం దులుపుకుని పడుకుంది. యంత్రం ఆమె నిద్ర ఊపిరి ఉండాల్సిన చోటికి వెళ్ళి, అక్కడ దొరికింది తీసి పంపింది. దొరికింది భ్రమరాంబ మొదటిరోజు ఊపిరి. ఆసుపత్రి గొట్టం మీద బతుకుతున్న ముసలి మనిషిది. నిమిషానికి నాలుగు సార్లు, అరకొరగా. బిళ్ళకు ఏదో ఒక ఊపిరి అందకపోతే గంట మోగుతుంది. అందుతూనే ఉంది. గంట మోగలేదు.

రెండుంబావుకి మాలకొండయ్య గారెల పొట్లంతో ఇంటికొచ్చాడు. ఆమె పక్కకు తిరిగి పడుకుని ఉంది. బిళ్ళ ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. భుజం తట్టి "తీసుకో" అన్నాడు. చాలాసార్లు అన్నాడు.

నిద్రలో సహజ మరణం, యంత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు అని నివేదికలో రాశారు. రెండూ ప్రభంజనరావు చేతిరాతే. ఏ నిమిషాన ఏం జరిగిందో యంత్రం నుంచి తీసిన కాగితాలు మాలకొండయ్య అతని బల్ల మీద పడేస్తే, అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎవరినీ అనడానికి లేదోయ్. టైం బాగాలేదు."

"టైం పెట్టింది మీరు," అన్నాడు మాలకొండయ్య. ఆ రోజు నుంచి యంత్రంగదిలో అడుగు పెట్టలేదు.

ఒళ్ళు కడిగేముందు మాత్రం ఆమె పక్కటెముకల మీది బిళ్ళ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఇంట్లో దానికి రోజూ కరెంటు పెట్టాడు. యంత్రానికి మనిషి పోయిన సంగతి తెలియదు. బిళ్ళ పలికినంతకాలం అది వేళ తప్పకుండా ఆమె ఊపిరి పంపుతూనే ఉంది. పొద్దున బొటనవేలు దాని మీద పెడితే వాకిలి ఊడ్చే ఊపిరి తెలిసేది. తొమ్మిదింటికి కొళాయి దగ్గర తగాదా ఊపిరి. పదకొండింటికి పొయ్యి ముందు కూర్చున్న ఊపిరి. ఒంటిగంటయ్యేసరికి మాత్రం బిళ్ళను దిండు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయేవాడు. ఆ ఊపిరి ఆమెది కాదు.

వాడుకలో ఉంది అని యంత్రం చెప్పిన మాట అబద్ధం కాదు. వాడుకుంటున్నది తను.

*

పదిన్నరకు మాలకొండయ్య వార్డుకి వెళ్ళాడు. తన భార్య చోట్లో పడుకున్న మనిషి ముఖం ఒకసారి చూడాలనుకున్నాడు. చూసి ఏం చేయాలో అనుకోలేదు. ఏమీ చేయకపోయినా చాలు. ఒంటిగంట దానంతట అదే వస్తుంది.

భ్రమరాంబ ఛైర్మన్ అక్కలాగా లేదు. చేతులు పొగాకు గ్రేడింగు చేసిన చేతులు, వేళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు. ఒక్కో మాటకీ మధ్య ఆగి ఊపిరి తెచ్చుకుంటోంది.

"ఎవురు నాయనా? డాక్టరువా?"

"కాదు."

"అయితే కూసో. డాక్టర్లు కూసోరు."

అతను కూర్చోలేదు. "ఒంటిగంటకి ఏమవుద్ది నీకు?"

"ఎవురో లోపల్నించి ఊడుస్తన్నట్టు ఉంటది. చీపురు పెట్టి. ఉన్న కాస్త గాలీ ఊడ్చుకుపోతారు." ఆమె ఆగింది. "నేనొచ్చిన చోట ఇంకెవురో ఉండార్లే. చెప్పరు గానీ, నాకు తెలుస్తానే ఉంది. ఎవురిది నాయనా ఆ చోటు?"

"మా ఆడమనిషిది."

భ్రమరాంబ అతని వైపు తల తిప్పింది. ఆమె పక్కటెముకల మీద బిళ్ళ వెలుగుతూ ఆరుతూ ఉంది.

"పోయిందా?"

"నువ్వొచ్చిన రోజు. నువ్వొచ్చిన గంటకి."

"మా తమ్ముడి పేరు చెప్పి నన్ను కొట్టబాక అబ్బాయ్. నేను వాణ్ణి అడగలా. ముహూర్తమూ అడగలా. గొట్టంతో మాటెట్టా అడుగుతా." మళ్ళీ ఆగింది. "ఆమెకి పడుకోబొయ్యే ముందు దులుపుకునే అలవాటుందా?"

మాలకొండయ్య మంచం దగ్గరికి జరిగాడు. "ఉంది. మూడు సార్లు దులిపేది. దులపకపోతే నిద్దర పట్టదు."

"ఇంకేం మరి. నేనామె మంచం మీద పడుకున్నా. లెమ్మంటంది. ఆమె తప్పేముంది."

నిజం అంతకంటే ఎక్కువేమీ కాదని మాలకొండయ్యకు తెలుసు. ఒంటిగంటకు నాంచారమ్మ పడుకోబోతున్నదనుకుని యంత్రం రోజూ ఆమె నిద్ర చోటుని సర్దుతోంది. అక్కడున్నది ఇంకొకరి ఊపిరి అని దానికి తెలియక, కలవనిదల్లా చెత్త కింద లెక్కగట్టి తుడుస్తోంది. దిండు కింద బిళ్ళ వెలిగినన్నాళ్ళూ తుడుస్తూనే ఉంటుంది.

"బాగుచేసేవాడివి నువ్వేగావాల. చెయ్యనంటే చెయ్యబాక," అంది భ్రమరాంబ. "నేను బతిమాలను. ఏదో ఒకటి చెప్పిపో. గడియారం వంక చూస్తా పడుకోవాలంటే భయంగా ఉంది."

అతను చెప్పకుండానే బయటికి నడిచాడు. వరండాలో నిలబడి చాలాసేపు ఎర్రమట్టి దిబ్బల వంక చూశాడు. గుడ్డ అడిగితే నవ్విన ఆసామి గుర్తొచ్చాడు. వాడు కూడా చేసిందేమీ లేదు. ఇవ్వకుండా ఊరుకున్నాడు, అంతే. ఊరికే నిలబడినవాడికి చేతికి మట్టి అంటదు.

ఇంటికి వెళ్ళి దిండు ఎత్తాడు.

*

యంత్రంగదిలోకి అతను వచ్చేసరికి పన్నెండూ అయిదు. బంతిపూల దండ ఎండి యంత్రానికి వేలాడుతూనే ఉంది. దాన్ని తెంపి మూలకు విసిరి కుర్చీ లాక్కున్నాడు. హిమజ లేచి నిలబడింది. ప్రభంజనరావు గడియారం చూసుకున్నాడు.

"వచ్చావా... వచ్చారా. ఒక అయిదు నిమిషాల ముందు వచ్చి ఉంటే బాగుండేది. పన్నెండు దాటింది. బుధవారం, రాహుకాలం. ఒంటిగంటన్నర దాకా..." తన మాట తనకే వినిపించి ఆగిపోయాడు.

"చెప్పండి. ఒంటిగంటన్నర దాకా ఏం చెయ్యమంటారు? ఆ ముసలామెకి ఊపిరి బిగబట్టుకోమని చెప్పేదా?"

ప్రభంజనరావు గడియారం మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నాడు.

"హిమజమ్మా. నువ్వు వార్డులోకి పో. ఆమెని కూసోబెట్టు. మాట్లాడిస్తా ఉండు. నేను చెప్పిందాకా కన్ను మూయనియ్యబాక. ఏదైనా తగాదా పెట్టుకో, నిద్దర రాదు."

హిమజ పరిగెత్తింది. గదిలో ఇద్దరే మిగిలారు.

మాలకొండయ్య జేబులోంచి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. అది చూసి ప్రభంజనరావు ముఖం పాలిపోయింది. "ఇది... ఇన్నాళ్ళూ మీ దగ్గరే..."

"నా దగ్గరే. వాడుకలో ఉంది అంటే ఇదే. రాయండి నివేదికలో. నన్నేం దాచబాకండి."

బొటనవేలు దాని మీద పెట్టాడు. పన్నెండుంబావు. అన్నం తిని, గిన్నెలు బోర్లించి, కొంగుతో మెడ తుడుచుకునే వేళ. ఊపిరి నెమ్మదిగా, కాస్త బరువుగా ఉంది. ఇంకో నలభై అయిదు నిమిషాలకి ఆమె మంచం దులుపుతుంది. అతను లెక్కపెట్టకుండా కొన్ని ఊపిరుల పాటు వేలు అలాగే ఉంచాడు. తర్వాత బిళ్ళ అంచున ఉన్న మీటను గోటితో నొక్కాడు. ఆకుపచ్చ దీపం ఆరింది.

యంత్రాన్ని అడిగాడు. నాలుగో మడి వాడుకలో లేదు, అంది.

మూయమన్నాడు. మూస్తే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టాలి, తుడవనా, అని అడిగింది. వేరే నకలు లేదు. రోజూ తెల్లవారుజామున తీసే నకలు ముందురోజు దాని మీదే పడుతుంది. గురువారం తర్వాత అది కూడా కొత్త రికార్డు పట్టుకుని పాడైపోయింది. ఊడ్చే ఊపిరి, తగాదా ఊపిరి, మెట్లెక్కే ఊపిరి, గారెలు చుట్టుకురమ్మన్న ఊపిరి, అన్నీ ఆ ఒక్క చోటే ఉన్నాయి.

మాలకొండయ్య కీబోర్డు ప్రభంజనరావు వైపు జరిపాడు.

"నొక్కండి."

"నేనా?"

"ఆ రోజు నొక్కింది మీరేగదా. సగం తుడిచారు. మిగతా సగం కూడా మీరే తుడవండి. నా చేత్తో నేను చెయ్యను."

"మాలకొండయ్యా, నన్ను క్షమించు. నేను కావాలని..."

"అడగబాకండి. ఇయ్యను. అది వేరే లెక్క, ఈ పనిలో కలపబాకండి. టైం పోతంది."

ప్రభంజనరావు చెయ్యి చాపాడు. వేళ్ళు వణికాయి.

"ఆ రోజు వణకలా," అన్నాడు మాలకొండయ్య.

ప్రభంజనరావు నొక్కాడు. నాలుగో మడి అన్న పేరు ఎదుట నుంచి మాయమైంది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు.

అప్పుడు మాలకొండయ్య కీబోర్డు తన ముందుకు లాక్కుని పనిలోకి దిగాడు. ముందు కొత్త గట్టు. ఖాళీ అయిన నేలలో భ్రమరాంబకు చోటు కొలిచాడు. ఆమె ఊపిరిని ముక్క ముక్కగా కొత్త చోటికి జరిపాడు. జరిపిన ప్రతి ముక్కా చేరిందో లేదో సరిచూసుకుని, అప్పుడే పాత చోటి ముక్క వదిలాడు. అవతల పదిమంది ఊపిరి పీలుస్తూ వదులుతూనే ఉన్నారు. ఎవరో తోటలో నీళ్ళు పడుతున్నారు, ఎవరో మెస్సులో పెరుగన్నం తింటున్నారు. తమ పక్క మడిలో గట్టు కదులుతోందని ఒక్కరికీ తెలియదు. పన్నెండూ నలభై రెండుకి నడుస్తున్న యంత్రం చెవిన కొత్త గట్టు సంగతి వేశాడు. సరేనంది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ సరేనంది. భ్రమరాంబ పెట్టె చెవినా వేశాడు. అదీ సరేనంది. మూడుసార్లు అడిగాక, అన్నిటికంటే చివర, రికార్డు రాశాడు.

పన్నెండూ యాభై మూడు.

ఫోను తీసి వార్డుకి చేశాడు. "ఇంక పడుకోమను."

ఒంటిగంట దాటింది. అయిదు, పది, పదిహేను. గదిలో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఒకటీ ఇరవైకి ఫోను మోగింది. హిమజ గొంతు గుసగుసగా ఉంది. "గురక పెడుతున్నారు సార్. నిమిషానికి పన్నెండు. నాతో ఇప్పటిదాకా పచ్చడి గురించి తగాదా పెట్టుకుని, అలాగే ఒరిగిపోయారు."

"గురక మంచిదే," అని ఫోను పెట్టేశాడు మాలకొండయ్య.

పనిముట్ల పెట్టెలోంచి ఉలిలాంటి మొన ఉన్న స్క్రూడ్రైవరూ, చిన్న సుత్తీ తీసుకుని బయటికి నడిచాడు. అతనెక్కడికి పోతున్నాడో ప్రభంజనరావుకి అర్థం కాలేదు. గేటు దగ్గర రాయి మీద సుత్తి పడిన చప్పుడు విని వచ్చాడు. అప్పటికి వాచ్‌మన్ కుర్చీ పక్కకు లాక్కుని దూరంగా నిలబడి ఉన్నాడు. ఎవరూ అడ్డుపడలేదు. ఎర్రటి ఎండలో, సుద్దతో వేసిన అంకె కింద, మాలకొండయ్య ఒక్కో అక్షరమే రాయిలోకి దించాడు. చదువుకున్న చేతిరాత కాదు. లోతుగా ఉంది. గంటకు పైగా పట్టింది.

యంత్రం ఆగలేదు. నాంచారమ్మ ఆగింది.

"ఇదేం పని మాలకొండయ్యా," అన్నాడు ప్రభంజనరావు. కోపం తెచ్చుకోవాలని చూశాడు గానీ రాలేదు. "వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూస్తారు. ఏదన్నా ఉంటే కాగితం మీద రాసివ్వాల్సింది. సుద్దతో రాసినా..."

"సుద్దతో రాస్తే తుడుస్తారు." మాలకొండయ్య రాతి పొడి ఉఫ్ఫుమని ఊది, సుత్తి జేబులో పెట్టుకున్నాడు. "ఇది రికార్డు. యంత్రం లేచినప్పుడు చదూకునేది రికార్డేగదా. మీరూ రోజూ పొద్దున్నే వొచ్చి చదూకోండి."